మంగళ్ పాండే సరే, ఆ జమేదార్ సంగతేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 15కి మీ పేపర్లో దేశభక్తి సినిమాల మీద ఒక పేజీ వేశారు కదా, అందులో 2005లో వచ్చిన హిందీ సినిమా 'మంగళ్ పాండే: ది రైజింగ్' గురించి రాసింది చదివాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. రెండు రోజులు ఊరుకున్నాను గానీ మనసు ఊరుకోలేదు. నేను చరిత్ర పాఠాలు చెప్పే మాస్టారిని కాను, సినిమాల గురించి రాసేవాడినీ కాను. ఆర్మీలో 24 ఏళ్ళు చేసి హవల్దార్‌గా రిటైరై ఇప్పుడు విజయనగరం జిల్లాలో మా ఊళ్ళో ఉంటున్నాను. ఆ కథ సిపాయిల కథ కాబట్టి, నేనూ సిపాయిగా చేరినవాడినే కాబట్టి, నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నా.

ముందే చెప్తున్నా, ఆ సినిమా నాకు ఇష్టం. ఆమిర్ ఖాన్ ఆ మీసం, ఆ జుట్టు నిజంగా పెంచుకుని చేశాడు, కైలాష్ ఖేర్ గొంతులో ఆ టైటిల్ పాట వస్తుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మన రైతుల చేత నల్లమందు పండించి చైనాకి అమ్ముకున్న సంగతి హిందీ సినిమాలో అంత సూటిగా చూపించింది అంతకుముందు నేనైతే చూడలేదు. ఇక తూటా కొరికే సీన్. అందులో ఆవు కొవ్వు, పంది కొవ్వు లేదని దొర మాట ఇస్తాడు, ఆ దొర స్నేహితుడు, స్నేహితుడి మాట నమ్మి మంగళ్ పాండే అందరి ముందూ కొరికేస్తాడు, తర్వాత నిజం తెలుస్తుంది. అది చాలా గొప్ప సీన్ అండి. ఎందుకంటే ఫౌజులో పై ఆఫీసర్ మాట మీద నమ్మకం అనేదే అన్నం లాంటిది, అది పోయిందంటే ఇక ఎన్ని తుపాకులిచ్చినా ఏం లాభం.

మరి నా బాధ ఏంటంటే, ఈ మధ్య టీవీలో మళ్ళీ వస్తే ఇంట్లో అందరం కూర్చుని చూశాం. సినిమా అయిపోయాక పదో తరగతి చదివే మా మనవరాలు అడిగింది, "తాతా, ఆ ఒక్కడు తిరగబడ్డప్పుడు మిగతా సిపాయిలు ఏం చేస్తున్నారు?" అని. ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. నాకు తెలుసు గానీ చెప్పడానికి ఒక పూట పట్టింది, ఎందుకంటే అసలు కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. రెండున్నర గంటలు సినిమా చూసిన పిల్లకి అదే తెలియకపోతే ఎలా?

1857 మార్చి 29, ఆదివారం, మధ్యాహ్నం దాటింది. కలకత్తా దగ్గర బరాక్‌పూర్ కంటోన్మెంట్, కంపెనీ సైన్యంలో మన సిపాయిల పల్టన్ (రెజిమెంట్) 34వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ. మంగళ్ పాండే ఎర్ర కోటు తొడుక్కున్నాడు గానీ కింద ప్యాంటు లేదు, పంచె ఉంది. మందు దట్టించిన తుపాకీ పట్టుకుని క్వార్టర్ గార్డ్ ముందు అటూ ఇటూ తిరుగుతూ బయటికి రండి, ఈ తూటాలు కొరికితే మన మతం పోతుంది, అని అరుస్తున్నాడు. క్వార్టర్ గార్డ్ అంటే తెలియనివాళ్ళకి చెప్తాను, పల్టన్‌కి గుండెకాయ లాంటి చోటది. ఆయుధాలూ పల్టన్ జెండా ఉండేది అక్కడే, తప్పు చేసినవాణ్ణి పెట్టేదీ అక్కడే. ఇప్పటికీ ఉంది. నేనూ చలికాలంలో తెల్లవారుజామున అక్కడ సెంట్రీగా ఎన్నోసార్లు నిలబడ్డాను. అక్కడ డ్యూటీలో ఉన్నవాడు కన్ను కూడా వాల్చకూడదు.

ఆ రోజు ఆ గార్డ్‌లో 20 మంది సిపాయిలు, వాళ్ళ మీద ఒక జమేదార్. అతని పేరు ఈశ్వరీ ప్రసాద్. జమేదార్ అంటే సిపాయిల పైన, తెల్ల ఆఫీసర్ల కింద ఉండే మన దేశం ఆఫీసర్, ఇప్పటి లెక్కలో నాయబ్ సుబేదార్. సార్జెంట్ మేజర్ హ్యూసన్ వచ్చి వాణ్ణి పట్టుకో అన్నాడు, జమేదార్ ఏమన్నాడంటే, నా కింది నాయక్‌లూ హవల్దార్లూ సాయం కోసం వెళ్ళారు, నేనొక్కణ్ణే ఎలా పట్టుకోను అన్నాడు. చేతిలో 20 మంది ఉన్నారు! ఈలోపు బా అనే లెఫ్టినెంట్ దొర గుర్రం మీద వచ్చాడు, మంగళ్ పాండే కాల్చాడు, గుండు గుర్రానికి తగిలింది, దొర కింద పడి పిస్టల్ కాల్చాడు, తగల్లేదు, తర్వాత కత్తులు దూశారు. హ్యూసన్ కూడా దిగాడు. ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు ఒక్క సిపాయి చేతిలో దెబ్బలు తింటుంటే 20 మంది గార్డ్ బొమ్మల్లా నిలబడి చూస్తోంది. షేక్ పల్టూ అనే సిపాయి ఒక్కడు వెళ్ళి మంగళ్ పాండేని నడుం దగ్గర గట్టిగా పట్టుకున్నాడు, వదలకపోతే కాల్చేస్తాం అని వెనకనుంచి సిపాయిలు అతని మీద రాళ్ళూ చెప్పులూ విసిరారు. కల్నల్ వీలర్ వచ్చి గార్డ్‌ని ముందుకి నడవమన్నాడు. నడిచారు, నాలుగడుగులు. ఆగిపోయారు. కల్నల్ చేసేదేం లేక వెళ్ళిపోయాడు.

సంపాదకులు గారూ, ఆ నాలుగడుగుల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆర్డర్ వచ్చాక అడుగు పడకపోవడం అంటే ఏంటో యూనిఫాం వేసుకున్నవాడికే తెలుస్తుంది. నా సర్వీసులో ఒక్క ఆర్డర్ కూడా నేను కాదనలేదు, కాదనే అవసరమూ రాలేదు, ఎందుకంటే నాకు ఆర్డర్ ఇచ్చింది నా దేశం. ట్రైనింగ్‌లో మొదటి రోజు నుంచీ మా శరీరానికి నేర్పేదే అది, చెవిన పడగానే కాలు కదలాలి, మధ్యలో బుర్రకి పని లేదు. అలాంటిది 20 జతల కాళ్ళు ఒకేసారి ఆగిపోయాయంటే లోపల ఎంత నలిగి ఉంటారు చెప్పండి. నెలకి 7 రూపాయల జీతం, ఎంత సర్వీసు చేసినా సుబేదార్ మేజర్ దాటి పోలేడు, నిన్నగాక మొన్న ఓడ దిగిన కుర్ర దొరకి కూడా సెల్యూట్ కొట్టాల్సిందే. 1856లో అవధ్ రాజ్యాన్ని కంపెనీ మింగేసింది, ఈ సిపాయిల్లో చాలామంది ఊళ్ళు అక్కడివే. అదే ఏడాది కొత్త చట్టం వచ్చింది, ఇక చేరేవాడెవడైనా సముద్రం దాటి ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి అని. ఇవన్నీ కడుపులో ఉండగా కొవ్వు తూటా వచ్చింది. తూటా అగ్గిపుల్ల మాత్రమే, గడ్డివాము ఎప్పుడో ఎండిపోయి ఉంది.

చివరికి జనరల్ హియర్సీ తన ఇద్దరు కొడుకులతో గుర్రాల మీద వచ్చి, నేను చెప్పాక కదలనివాణ్ణి మొదట కాల్చేస్తా అని పిస్టల్ చూపిస్తేనే గార్డ్ కదిలింది. అది చూసి మంగళ్ పాండే తుపాకీ గొట్టం తన గుండెలకే పెట్టుకుని కాలి వేలితో ట్రిగ్గర్ నొక్కుకున్నాడు. చావలేదు. ఆస్పత్రిలో పెట్టి, ఏప్రిల్ 6న కోర్ట్ మార్షల్ చేసి, 8న ఉరి తీశారు. తీర్పు చెప్పిన కోర్టులో కూర్చున్నది మన దేశం సుబేదార్లూ జమేదార్లే అని చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతన్ని ఎవరెవరున్నారు నీతో అని అడిగారు, ఒక్క పేరు చెప్పలేదు. నా ఇష్టంతోనే చేశాను అన్నాడు. ఈ మధ్య భంగూ నల్లమందూ తీసుకుంటున్నాను, ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు అని కూడా అన్నాడు, రికార్డులో ఉంది. ఈ మాట పట్టుకుని మత్తులో చేశాడు, వీడు హీరో ఏంటి అని తీసిపారేసేవాళ్ళున్నారు. నేను వాళ్ళతో ఒప్పుకోను. ఉరి ఖాయమని తెలిసి కూడా నోట్లోంచి ఒక్క పేరు రాలేదు చూడండి, మత్తులో ఉన్నవాడు అలా ఉండడు. అతను నిజంగా అలా భయమూ, కోపమూ, మత్తూ, మొండితనమూ అన్నీ కలిసిన మామూలు సిపాయి. సినిమాలో అతను కాస్త దేవుడిలా అయిపోయాడు, మామూలు మనిషిగా ఉంటే నాకు ఇంకా దగ్గరయ్యేవాడు.

జమేదార్ ఈశ్వరీ ప్రసాద్‌ని ఏప్రిల్ 21న ఉరి తీశారు. అంటే మంగళ్ పాండే తర్వాత 13 రోజులకి. అతను ఎవర్నీ కాల్చలేదు, కత్తి దూయలేదు, అరవలేదు. చేయమన్న పని చేయలేదు, తన సిపాయిలని చేయనివ్వలేదు. అంతే. దానికే ఉరి. మంగళ్ పాండే పేరుతో 1984లో పోస్టల్ స్టాంప్ వచ్చింది, బరాక్‌పూర్‌లో హుగ్లీ ఒడ్డున పార్కు ఉంది, అటువైపు పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం నేను వెళ్ళి దండం పెట్టుకుని వచ్చాను. ఈ జమేదార్‌ని తలుచుకునేవాళ్ళెవరు? సినిమా అయిపోయాక మా ఇంట్లో ఆరుగురిని అడిగాను, ఆ రోజు గార్డ్ మీద ఉన్నదెవరు అని. ఒక్కరూ చెప్పలేదు. హీరాగా చేసిన రాణీ ముఖర్జీ డాన్సు అందరికీ గుర్తుంది, సతి మంటల్లోంచి కాపాడిన అమీషా పటేల్ గుర్తుంది, దొర స్నేహితుడు గోర్డన్ గుర్తున్నాడు. ఇవన్నీ కల్పించినవే కదండీ, కల్పించడం తప్పని నేను అనను, సినిమా అన్నాక కథ కావాలి, పాట కావాలి. కానీ ఒక దొరకీ ఒక సిపాయికీ మధ్య దోస్తీకి పెట్టిన టైములో పావు వంతు పక్క పక్క మంచాల మీద పడుకున్న ఇద్దరు సిపాయిల మధ్య మాటలకి పెట్టి ఉంటే, రాత్రిళ్ళు గుసగుసలకి పెట్టి ఉంటే, జమేదార్ ఆ రోజు పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు ఏం ఆలోచించాడో చూపించి ఉంటే ఆ సినిమా నా దృష్టిలో ఎక్కడికో వెళ్ళిపోయేది.

షేక్ పల్టూ సంగతి కూడా. అతన్ని హవల్దార్‌ని చేశారు. నేను 17 ఏళ్ళ సర్వీసు చేసి సంపాదించిన ర్యాంక్ అతనికి ఒక్క సాయంత్రంలో వచ్చింది. అతన్ని ద్రోహి అనేయడం సులువు, మా మనవరాలు కూడా వెంటనే అదే మాట అంది. నేను అప్పుడు దానికి చెప్పాను, ఉప్పు తిన్నాను, ఒట్టు వేశాను అనే మాట కూడా సిపాయికి చిన్నది కాదమ్మా, అతను దానికి కట్టుబడ్డాడు, జమేదార్ ఇంకోదానికి కట్టుబడ్డాడు, ఒకే పల్టన్, ఒకే గ్రౌండు, ఒకే సాయంత్రం అని. అతను చేసింది నాకు నచ్చదు. కానీ నేనే ఆ చోట ఉంటే ఏం చేసేవాడిని అని ఎన్నోసార్లు అడుక్కున్నాను.

ఇంకో సీను చెప్తాను, ఎవరైనా డైరెక్టర్ గారు చదివితే బాగుణ్ణు. మే 6న ఆ 34వ పల్టన్లో బరాక్‌పూర్‌లో ఉన్న ఏడు కంపెనీలని, అంటే పల్టన్లోని ఏడు భాగాలని, రద్దు చేశారు. గ్రౌండులో నిలబెట్టి ఆయుధాలు కింద పెట్టించి, యూనిఫాం ఊడదీయించి పంపేశారు. టోపీలు మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచారు, ఎందుకంటే అవి వాళ్ళ సొంత డబ్బుతో కొన్నవి. వెళ్తూ వెళ్తూ సిపాయిలు ఆ టోపీలని నేల మీదేసి కాళ్ళతో తొక్కి పోయారు. నాకు రిటైర్మెంట్ రోజు నా బెరెట్ మడిచి ట్రంకు పెట్టెలో పెట్టుకుంటుంటే చేతులు వణికాయి, ఇప్పటికీ దాన్ని మా ఆవిడ కూడా ముట్టుకోదు. టోపీ మీద అంత ప్రేమ ఉండే మనుషులు దాన్ని తొక్కారంటే! నాలుగే రోజులకి, మే 10న, మీరట్ లేచింది. అక్కడ కూడా మొదలైంది వద్దు అనడంతోనే, 85 మంది సవార్లు (గుర్రపు సిపాయిలు) తూటాలు ముట్టుకోం అన్నారు, వాళ్ళకి సంకెళ్ళు వేసిన మర్నాడే మొత్తం దళం తిరగబడింది.

ఇప్పుడు మీ పేజీలో ఫొటో కింద రాసిన మాట దగ్గరికి వస్తాను. 'తెల్లవాడి మీద తిరగబడ్డ మొట్టమొదటి భారతీయ సిపాయి' అని వేశారు. అది కరెక్ట్ కాదండి. అదే బరాక్‌పూర్‌లో 1824లో 47వ పల్టన్ సిపాయిలు బర్మా యుద్ధానికి సామాన్లు మోసే ఎడ్లు కూడా ఇవ్వకుండా నడవమంటే నడవం అన్నారు, నవంబర్ 2న వాళ్ళ మీద ఫిరంగులు పేల్చారు, బిందీ తివారీ అనే సిపాయిని ఉరి తీసి శవాన్ని గొలుసులతో వేలాడదీశారు. 1806 జూలై 10న వెల్లూరు కోటలో మద్రాసు సైన్యం సిపాయిలు తోలు ముక్క పెట్టిన కొత్త తలపాగా పెట్టుకోం, బొట్టు తుడవం, గడ్డాలు తియ్యం అని లేచారు. అంతకంటే ముందు మన విశాఖపట్నం! 1780 అక్టోబర్ 3న హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్ళే ఓడ ఎక్కమంటే మన ఉత్తర సర్కారుల సిపాయిలు ఎక్కం అని తిరగబడి దొరలని కాల్చారు. మా ఊరి నుంచి విశాఖ బస్సులో రెండు గంటలు కూడా లేదు, నేను చదువుకున్న బడిలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, సర్వీసులో ఉండగా యూనిట్ లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. మంగళ్ పాండే కంటే 77 ఏళ్ళ ముందు. తెలుగు పేపర్ అయ్యుండి మీరే మొట్టమొదటి అని బరాక్‌పూర్‌కి ఇచ్చేస్తే ఇక మన సిపాయిల పేరు ఎవరు ఎత్తుతారు?

ఇంకో జమేదార్ కూడా ఉన్నాడు, ఇతను హైదరాబాద్ కథలోవాడు. 1857లో బ్రిటిష్ ఆఫీసర్ల కింద ఉండే నిజాం దళం హైదరాబాద్ కంటింజెంట్‌లో జమేదార్ చీదా ఖాన్, ఢిల్లీ వైపు వెళ్ళి తిరగబడ్డవాళ్ళతో కొట్లాడమంటే వెళ్ళను అని కొద్దిమందిని తీసుకుని హైదరాబాద్ వచ్చేశాడు, నిజాం దగ్గర ఆశ్రయం దొరుకుతుందనుకున్నాడు. నిజాం దివాన్ (ప్రధానమంత్రి) సాలార్ జంగ్ అతన్ని పట్టుకుని బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీకి అప్పగించాడు. అతన్ని విడిపించడానికే జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వందలమంది రోహిల్లా పఠాన్ యోధులతో రెసిడెన్సీ మీద పడ్డారు. పుత్లీబౌలి దగ్గర అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి ఇళ్ళల్లో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. గెలవలేదు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, జైల్లోంచి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు, శవాన్ని ఊళ్ళోకి తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపితే అక్కడే పోయాడు. ఆ రెసిడెన్సీయే కోఠి ఉమెన్స్ కాలేజీ అయింది. పోయిన ఏడాది మా అబ్బాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు మనవరాలిని తీసుకుని కోఠి వెళ్ళాను, బస్సుల మధ్యలో దుమ్ములో అక్కడి స్మారకం ఉంది, పక్కన బస్సు కోసం నిలబడ్డ ఒక కాలేజీ కుర్రాణ్ణి ఇదేంటి బాబూ అని అడిగితే తెలీదు అంకుల్ అన్నాడు. ఆ అబ్బాయి తప్పేముంది, ఎవరైనా చెప్తే కదా.

సినిమా ఒక మనిషి చుట్టూ తిరగాలి, పోస్టర్ మీద ఒక ముఖమే పడుతుంది, అది నాకు అర్థమవుతుంది. ఆ సినిమా తీసినవాళ్ళ మీద నాకు కోపం లేదు, మంగళ్ పాండేని మా మనవరాలి దాకా తెచ్చింది వాళ్ళే, లేకపోతే అది ఆ ప్రశ్న అడిగేదీ కాదు. కానీ పేపర్ సినిమా కాదు కదండీ. మీకు జాగా ఉంది, ఆదివారం సంచికలో ఎన్నో పేజీలు ఉన్నాయి. విశాఖ సిపాయిల మీద ఒకటి, కోఠి మీద ఒకటి వేయండి, తెలిసినవాళ్ళ చేత రాయించండి, మన రెండు రాష్ట్రాల్లో చరిత్ర చదివినవాళ్ళకి కొదవ లేదు.

అవి ఎప్పుడు కుదిరితే అప్పుడు వేద్దురుగాని, ముందు ఆ ఫొటో కింద మాటకి రేపో ఎల్లుండో సవరణ వేయండి. దాంతోపాటే, 1857 మార్చి 29న బరాక్‌పూర్ క్వార్టర్ గార్డ్ మీద డ్యూటీలో ఉండి, మంగళ్ పాండేని పట్టుకోమంటే పట్టుకోకుండా ఏప్రిల్ 21న ఉరికంబం ఎక్కిన జమేదార్ పేరు ఈశ్వరీ ప్రసాద్ అని ఒక్క లైను కలపండి. మా మనవరాలు రోజూ పొద్దున్నే పేపర్ నాకంటే ముందు తీసుకుని చూస్తోంది, వచ్చిందా తాతా అని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దార్,
విజయనగరం జిల్లా